సాఫ్ట్‌వేర్ మార్చాక డీవీడీ డ్రైవ్ మాయమైతే ఏం చేయాలి?

విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి ఎక్కింది, లేదా ఎప్పటిదో సీడీ బర్నింగ్ సాఫ్ట్‌వేర్ వాడటం లేదని తీసేశారు. తర్వాత ఎప్పుడో డిస్క్ పెట్టి చూస్తే ‘దిస్ పీసీ’లో డీవీడీ డ్రైవ్ బొమ్మే లేదు. బటన్ నొక్కితే ట్రే మాత్రం బయటికొస్తోంది, లైటు కూడా వెలుగుతోంది. ఈ పరిస్థితిలో చాలామంది ముందు లెన్స్ క్లీనర్ డిస్క్ కొంటారు, తర్వాత షాపుకు తీసుకెళ్తారు. షాపులో ‘ఫార్మాట్ కొట్టాలి’ అనే జవాబు రెడీగా ఉంటుంది. ఈ రెండింటికీ డబ్బు పెట్టే ముందు ఓ గంట కూర్చుంటే, చాలా సందర్భాల్లో డ్రైవ్ మీ చేతుల్లోనే బాగవుతుంది.

ఈ కాలంలో డీవీడీ ఎవరికి కావాలని అనిపించొచ్చు. పెళ్ళి వీడియో, అమ్మాయి ఓణీల ఫంక్షన్, నాన్నగారి స్కానింగ్ సీడీ, ఇవన్నీ ఇంకా బీరువాలో డిస్కుల రూపంలోనే ఉన్నాయి కదా. అవి బయటికి తీసే రోజే డ్రైవ్ మొరాయిస్తుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా విండోస్ 10, 11 గురించి. విండోస్ 7లోనూ ఎక్కువ భాగం ఇంతే. మెనూల పేర్లు స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఉంటాయి. నేను వాటి ఉచ్చారణ రాస్తున్నాను.

ఏం ఆగిందో ముందు తేల్చుకోండి

‘పనిచేయడం లేదు’ అంటే మూడు రకాలు. డ్రైవ్ అసలు కనిపించకపోవడం ఒకటి. కనిపిస్తున్నా ఏ డిస్కునూ చదవకపోవడం రెండోది. ఫైళ్ళున్న సీడీ తెరుచుకుని, పాటల సీడీ పాడి, సినిమా డీవీడీ మాత్రం ఆడకపోవడం మూడోది. మూడింటికీ మందు వేరు. అందుకే ఇంట్లో ఉన్న రకరకాల డిస్కులు రెండు మూడు పెట్టి చూడండి. మీది మూడో రకమైతే డ్రైవ్‌కి ఏ జబ్బూ లేదు, నేరుగా ‘కొన్ని డిస్కులే ఆడకపోతే’ అన్న భాగానికి వెళ్ళిపోండి. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీ జోలికి పోనక్కర్లేదు.

రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు

ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ ముఖ్యం. విండోస్ 10, 11లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ మూలభాగం, డ్రైవర్లు (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు) నిజంగా మూతపడవు. వాటి స్థితిని హార్డ్‌డిస్క్‌లో దాచి, మళ్ళీ ఆన్ చేయగానే అదే స్థితిని తిరిగి తెస్తుంది. అంటే రోజూ ఆపి ఆన్ చేస్తున్నా పాత చిక్కే లేచి కూర్చుంటుంది. స్టార్ట్ మెనూలో ‘రీస్టార్ట్’ నొక్కితేనే డ్రైవర్లు మొదటి నుంచి లోడ్ అవుతాయి.

దాంతో కాకపోతే ఒకసారి షట్‌డౌన్ చేసి, కరెంటు ప్లగ్ తీసి, ల్యాప్‌టాప్‌కి ఊడే బ్యాటరీ ఉంటే అదీ తీసి, కాసేపాగి పెట్టండి. డ్రైవ్ లోపలి సర్క్యూట్ బిగుసుకుపోయి ఉంటే ఇలా విడిపోతుంది.

బయోస్‌లో కనిపిస్తోందా చూడండి

విండోస్ కంటే ముందు మేలుకునేది బయోస్, అంటే కంప్యూటర్ బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం. అక్కడ డ్రైవ్ పేరు ఉంటే వైరు, కరెంటు, డ్రైవ్ బోర్డు ప్రాణంతోనే ఉన్నాయన్నమాట. గొడవ విండోస్‌లో ఉంది. అక్కడే లేకపోతే మీరు విండోస్‌లో ఏం చేసినా వృథా.

బయోస్‌లోకి వెళ్ళడానికి ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ ఎఫ్10 గానీ నొక్కాలి, కంపెనీని బట్టి మారుతుంది. ఆ టైమింగ్ కుదరకపోతే విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ ‘అడ్వాన్స్‌డ్ స్టార్టప్’ పక్కన రీస్టార్ట్ నొక్కండి. తర్వాత వచ్చే నీలం స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ‘యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్’. లోపల సాటా (డ్రైవ్‌లను బోర్డుకి కలిపే పద్ధతి) అనో స్టోరేజ్ అనో ఉన్న పేజీలో డ్రైవ్ మోడల్ నంబర్ కనిపించాలి.

చూసి వచ్చేయండి. అక్కడ సాటా మోడ్ అని ఉంటుంది. ఏహెచ్‌సీఐ, రైడ్ అని ఆప్షన్లు కనిపిస్తాయి. ‘మార్చి చూద్దాం’ అని చెయ్యి పెడితే డీవీడీ సంగతి దేవుడెరుగు, విండోస్ కూడా లేవకపోవచ్చు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ అయితే బయోస్ సెట్టింగులు మార్చాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

డెస్క్‌టాప్‌లో డ్రైవ్ బయోస్‌లోనే లేకపోతే, ప్లగ్ తీసి, పక్క డోర్ తెరిచి, డ్రైవ్ వెనకున్న రెండు కేబుళ్ళూ ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టండి. బయట పెట్టుకునే యూఎస్‌బీ డ్రైవ్ అయితే బయోస్‌లో కనిపించకపోయినా కంగారు పడొద్దు. దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడటమే సులువైన పరీక్ష.

డివైస్ మేనేజర్‌లో కోడ్ చదవండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డివైస్ మేనేజర్’ తెరవండి. ‘డీవీడీ/సీడీ-రామ్ డ్రైవ్స్’ అనే వరసను విప్పితే మీ డ్రైవ్ పేరు ఉంటుంది. దాని మీద పసుపు త్రికోణం ఉంటే డబుల్ క్లిక్ చేయండి. ‘డివైస్ స్టేటస్’ అనే పెట్టెలో ఒక వాక్యం, చివర బ్రాకెట్లో ఒక కోడ్ నంబర్. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మనకు కావలసిన ఆధారం అదే.

కోడ్ 19 అంటే ఈ పరికరం గురించి రిజిస్ట్రీలో ఉన్న సమాచారం అసంపూర్తిగా ఉందనో, పాడైందనో అర్థం. కోడ్ 39 అంటే డ్రైవర్ పాడైందనో, అసలు లేదనో. 31 అంటే కావలసిన డ్రైవర్‌ను విండోస్ లోడ్ చేయలేకపోతోందని. సాఫ్ట్‌వేర్ తీసేశాకో, అప్‌గ్రేడ్ అయ్యాకో ఈ మూడింట్లో ఏదైనా వచ్చిందంటే నా అనుమానం ముందుగా ఫిల్టర్ల మీదికే పోతుంది, అవేంటో తర్వాతి భాగంలో చెబుతాను. కోడ్ 32 అయితే డ్రైవర్‌ను ఎవరో డిజేబుల్ చేశారని. కోడ్ 45 అయితే డ్రైవ్ ప్రస్తుతం కనెక్ట్ అయి లేదని, అంటే మళ్ళీ కేబుల్ దగ్గరికే.

ఇక్కడ ఒక చిన్న ప్రయత్నం: డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్, ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’, తర్వాత రీస్టార్ట్. లేచేటప్పుడు విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డ్రైవర్ తనే వేసుకుంటుంది. ఏమీ చెడదు, నిర్భయంగా చేయొచ్చు.

డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ 2006 జూన్ 21 అని కనిపిస్తే ఉలిక్కిపడకండి. అది ముసలి డ్రైవర్ కాదు. విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. తయారీదారు ఇచ్చిన డ్రైవర్ ఏదైనా ఉంటే దానికే ప్రాధాన్యం దక్కాలని ఆ ఏర్పాటు. డీవీడీ డ్రైవ్‌లకైతే ఏ కంపెనీదైనా మామూలుగా నడిచేది విండోస్ సొంత డ్రైవరే. అందుకని ‘మీ డ్రైవర్ చాలా పాతది, ఇప్పుడే అప్‌డేట్ చేయండి’ అంటూ ఎగబడే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లను దగ్గరికి రానీయొద్దు. ఉన్న గొడవకి ఇంకో గొడవ తోడవుతుంది.

అసలు దొంగ: మిగిలిపోయిన ఫిల్టర్లు

సీడీ బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు, డిస్క్ కాపీ చేసేవి, వర్చువల్ డ్రైవ్ సృష్టించేవి, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు విండోస్‌కీ డ్రైవ్‌కీ మధ్య తమ సొంత చిన్న డ్రైవర్ ఒకటి దూరుస్తాయి. దాన్నే ఫిల్టర్ అంటారు. రోడ్డు మీద టోల్‌గేటు లాంటిది; డ్రైవ్‌కి వెళ్ళే ప్రతి మాటా దాని గుండానే పోవాలి. సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు ఫిల్టర్ ఫైలు పోయి, దాని పేరు రిజిస్ట్రీలో మిగిలిపోతే, గేటు దించేసి సిబ్బంది ఇంటికెళ్ళినట్టే. ఆ పేరు గల డ్రైవర్‌ను వెతికి, దొరక్క, విండోస్ మొత్తం డ్రైవ్‌నే పక్కన పెట్టేస్తుంది. అప్‌గ్రేడ్‌లోనూ ఇదే కథ: పేరు కొత్త విండోస్‌లోకి వచ్చేస్తుంది, దానికి తగిన ఫైలు రాదు.

ఇప్పుడు రిజిస్ట్రీలోకి వెళ్తున్నాం. ముందు స్టార్ట్ సెర్చ్‌లో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని కొట్టి, తేడా వస్తే విండోస్‌ని వెనక్కి తెచ్చుకునేలా ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. బద్ధకించొద్దు.

తర్వాత సెర్చ్‌లో ‘రిజిస్ట్రీ ఎడిటర్’ తెరవండి. ఎడమవైపు ఈ వరసలో దిగండి: హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్. క్లాస్‌ను విప్పగానే మీసాల బ్రాకెట్లలో పొడుగాటి అక్షరాలూ అంకెలూ బారులు తీరి ఉంటాయి. మనకు కావలసింది 4డి36ఇ965తో మొదలయ్యేది.

ఇక్కడే జాగ్రత్త. దాని చుట్టూ అచ్చం అలాంటివే ఉంటాయి, మొదటి ఎనిమిదింట్లో చివరి అక్షరమొక్కటే తేడా. 967తో ఉన్నది హార్డ్‌డిస్క్‌లది. 96బి కీబోర్డుది, 96ఎఫ్ మౌస్‌ది. వాటిలోనూ ‘అప్పర్‌ఫిల్టర్స్’ అనే పేరు కనిపిస్తుంది, కానీ అక్కడ అవి ఉండి తీరాలి. కీబోర్డు దాంట్లో తీసేస్తే కీబోర్డు ఆగుతుంది. హార్డ్‌డిస్క్ దాంట్లో తీసేస్తే కంప్యూటర్ లేవడమే మానేస్తుంది. కాబట్టి 965 మీద క్లిక్ చేశాక కుడివైపు ‘క్లాస్’ అనే వరసలో ‘సీడీరామ్’ అని ఉందో లేదో కళ్ళారా చూసుకోండి. ఉంటేనే ముందుకు.

ఆ 965 ఎంచుకుని ఉండగానే పైన ఫైల్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కి, డెస్క్‌టాప్ మీద ఒక పేరుతో సేవ్ చేయండి. తేడా వస్తే ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, తీసేసినవి తిరిగొస్తాయి.

ఇప్పుడు కుడివైపు ‘అప్పర్‌ఫిల్టర్స్’, ‘లోయర్‌ఫిల్టర్స్’ అనే పేర్లు వెతకండి. రెండూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. రెండూ లేకపోతే మీ సమస్య ఇక్కడిది కాదు, ఎడిటర్ మూసేసి తర్వాతి భాగానికి వెళ్ళండి. చివర బ్యాక్ (బి, ఎ, కె) అని తోక ఉన్నవి కనిపిస్తే అవి పాత నకళ్ళు, వాటితో పని లేదు.

రెండింటినీ డిలీట్ చేసి రీస్టార్ట్ చేయమనేది మామూలుగా అందరూ చెప్పే సలహా. అదీ పనిచేస్తుంది. నేనైతే ముందు తెరిచి చదవమంటాను. డబుల్ క్లిక్ చేస్తే లోపల వరసకొక పేరు ఉంటుంది. ‘గేర్‌ఆస్పీడబ్ల్యూడీఎం’ అని ఉంటే అది ఐట్యూన్స్ తెచ్చుకునేది. పీఎక్స్ అక్షరాలతో మొదలయ్యేది సాధారణంగా రాక్సియో, సోనిక్ బర్నింగ్ సాఫ్ట్‌వేర్లది. ఇప్పుడు సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్ ఫోల్డర్ తెరిచి అదే పేరుతో ఫైలు ఉందేమో చూడండి. పేరు ఇక్కడుండి ఫైలు అక్కడ లేకపోతే దొంగ దొరికినట్టే. ఆ ఒక్క వరస చెరిపి, మిగతావి ఉంచి, ఓకే నొక్కి రీస్టార్ట్ చేయండి. ఎవరు కారణమో తెలియకపోతే అప్పుడు రెండు విలువలనూ పూర్తిగా డిలీట్ చేయండి.

డ్రైవ్ తిరిగొచ్చాక, మీరు ఇంకా వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఏదైనా ‘సీడీ రాయడానికి కావలసిన రిజిస్ట్రీ సెట్టింగులు లేవు’ అని గొణగవచ్చు. ఐట్యూన్స్ అయితే తప్పకుండా అంటుంది. దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరి. ఇన్‌స్టాల్ చేయగానే డ్రైవ్ మళ్ళీ పోతే ఆ సాఫ్ట్‌వేర్‌కి దణ్ణం పెట్టి వదిలేయండి.

కోడ్ 32 వచ్చినవాళ్ళు రిజిస్ట్రీలోనే ఇంకో చోట చూడాలి: కరెంట్ కంట్రోల్ సెట్ కింద సర్వీసెస్, అందులో ‘సీడీరామ్’. కుడివైపు ‘స్టార్ట్’ విలువ 4 ఉంటే డ్రైవర్‌ను ఆపేశారన్నమాట. దాన్ని 1 చేసి రీస్టార్ట్ చేయండి.

పాత డెస్క్‌టాప్‌ను విండోస్ 7 నుంచి 10కి తెచ్చాక డ్రైవ్ పోయిన సందర్భం ఒకటుంది. డ్రైవ్ పాత ఐడీఈ పద్ధతిలో నడిచే సిస్టమ్స్‌లో, సర్వీసెస్ కింద ‘ఏటీఏపీఐ’లో ‘కంట్రోలర్0’ అనే కొత్త కీ (ఫోల్డర్ లాంటిది) చేసి, దాని లోపల ‘ఎనమ్‌డివైస్1’ పేరుతో 32 బిట్ డీవర్డ్ (అంకె దాచే విలువ) పెట్టి విలువ 1 ఇవ్వాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో దీంతో ఒరిగేదేమీ లేదు.

విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ

విండోస్ 11లో భద్రత కోసం ‘మెమరీ ఇంటెగ్రిటీ’ ఉంటుంది. తనకు నచ్చని పాత డ్రైవర్లను ఇది లోడ్ కానివ్వదు. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, ‘కోర్ ఐసొలేషన్ డీటెయిల్స్’ తెరవండి. ‘ఇన్‌కంపాటిబుల్ డ్రైవర్స్’ జాబితాలో మీ పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలు పేరు ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్‌నే తీసేయండి లేదా కొత్త వెర్షన్ వేయండి. ఎప్పటిదో బర్నర్ కోసం భద్రత ఆఫ్ చేసుకోవడం తెలివైన బేరం కాదు.

పసుపు గుర్తు లేదు, అయినా డ్రైవ్ లేదు

డివైస్ మేనేజర్‌లో అంతా శుభ్రంగా ఉండి, దిస్ పీసీలో మాత్రం లేకపోతే డ్రైవ్ లెటర్ పోయి ఉంటుంది. స్టార్ట్ మీద రైట్ క్లిక్, ‘డిస్క్ మేనేజ్‌మెంట్’. కింద ‘సీడీ-రామ్ 0’ అని ఉన్న పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’ తెరిచి ఆర్ లాంటి దూరపు అక్షరం ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లు వచ్చి లాక్కోకుండా ఉంటుంది.

విండోస్ 8 నుంచి ఐఎస్ఓ ఫైలు (డిస్క్ మొత్తానికి నకలు) మీద డబుల్ క్లిక్ చేసినా ఒక ఉత్తుత్తి డీవీడీ డ్రైవ్ పుట్టుకొస్తుంది. దాన్నే అసలు డ్రైవ్ అనుకుని తికమక పడేవాళ్ళున్నారు. రైట్ క్లిక్, ఎజెక్ట్ అంటే పోతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తుంటే, అది కంపెనీ పాలసీ. మీరు కుస్తీ పట్టొద్దు, ఐటీ వాళ్ళకి చెప్పండి.

కొన్ని డిస్కులే ఆడకపోతే

సినిమా డీవీడీ, పెళ్ళి డీవీడీ ఆడటం లేదంటే: విండోస్ 8 నుంచి మీడియా ప్లేయర్‌లో డీవీడీ ఆడించే సదుపాయం తీసేశారు. విండోస్ 7లో ఉన్న మీడియా సెంటర్ కూడా విండోస్ 10లో లేదు. అప్‌గ్రేడ్ తర్వాత ‘డ్రైవ్ పోయింది’ అనేవాళ్ళలో కొందరి సమస్య కేవలం ఇదే. ఉచితంగా దొరికే వీఎల్‌సీ వేసుకుని, అందులో మీడియా మెనూ, ‘ఓపెన్ డిస్క్’ నొక్కండి.

అమెరికాలో కొన్న డీవీడీలు ఇక్కడికి తెచ్చుకునేవాళ్ళకి ఇంకో చిక్కు. డీవీడీలకు రీజియన్లుంటాయి: అమెరికా 1, భారత్ 5. ప్లేయర్ ‘రీజియన్ మార్చనా?’ అని అడిగిన ప్రతిసారీ ఎస్ నొక్కితే ఐదు మార్పులతో కోటా అయిపోతుంది, ఆ తర్వాత డ్రైవ్ చివరి రీజియన్‌కే తాళం పడుతుంది. ఆ లెక్క డ్రైవ్ లోపలే ఉంటుంది కాబట్టి ఫార్మాట్ కొట్టినా మారదు. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిస్తే ‘డీవీడీ రీజియన్’ ట్యాబ్‌లో ఎన్ని మిగిలాయో ఉంటుంది.

పాత గేమ్ సీడీ తెరుచుకుంటుంది కానీ గేమ్ మొదలవ్వదు అంటే, దానిలోని సేఫ్‌డిస్క్ అనే కాపీ తాళమే కారణం కావచ్చు. భద్రతా లోపాల వల్ల దాని డ్రైవర్‌ను విండోస్ 10లో పెట్టలేదు. 2015 సెప్టెంబర్ అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలోనూ ఆపేశారు. 4కే బ్లూరే డిస్కులది మరో బాధ. వాటిని కంప్యూటర్‌లో అధికారికంగా ఆడించే ప్లేయర్లకు ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సదుపాయం కావాలి. 11వ తరం డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. కొత్త కంప్యూటర్‌కి మారాక ఆ డిస్క్ ఆడకపోతే డ్రైవ్‌ని తిట్టి లాభం లేదు.

యూఎస్‌బీ డ్రైవ్ టిక్ టిక్ మని ఆగిపోతుంటే

అది ఎక్కువగా కరెంటు చాలకపోవడం. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, 3.0 ఇచ్చేది 900. డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు డ్రైవ్‌కి 500 సరిపోకపోవచ్చు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్ట్‌లో పెట్టండి, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్ట్‌లో. అప్‌డేట్ తర్వాతే ఈ రోగం మొదలైతే, డివైస్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ ప్రాపర్టీస్, ‘పవర్ మేనేజ్‌మెంట్’ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయనిచ్చే టిక్కు తీసేయండి.

ఏదీ కుదరకపోతే

విండోస్‌కి బదులు వాడే ఉచిత లైనక్స్ రకాలైన ఉబుంటు గానీ మింట్ గానీ పెన్‌డ్రైవ్ మీద వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఆప్షన్‌తో బూట్ చేసి డిస్క్ పెట్టండి. అక్కడ చక్కగా తెరుచుకుంటే డ్రైవ్ నిక్షేపంగా ఉంది, విండోస్‌లోనే ఏదో మిగిలింది. అప్పుడు సిస్టమ్ రిస్టోర్‌తో మార్పుకు ముందు తేదీకి వెళ్ళడం, అదీ కాకపోతే సొంత ఫైళ్ళు ఉంచి విండోస్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం మిగిలిన దారులు. అక్కడా చదవకపోతే డ్రైవ్ ఆయుష్షు తీరింది. ఓ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనుక్కోండి. లోపలి డ్రైవ్‌లో డిస్క్ ఇరుక్కుపోయి ఉంటే, కంప్యూటర్ ఆపి, ట్రే ముందున్న సన్న రంధ్రంలో నిటారుగా చేసిన పేపర్ క్లిప్ నెమ్మదిగా గుచ్చితే ట్రే కొంచెం బయటికొస్తుంది. మిగతాది చేత్తో లాగండి.

షాపుకే వెళ్ళాల్సి వస్తే మూడు విషయాలు కాగితం మీద రాసుకెళ్ళండి: డివైస్ మేనేజర్ చూపిన కోడ్, బయోస్‌లో డ్రైవ్ పేరు ఉందా లేదా, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో డిస్క్ చదివిందా లేదా. ఇవి విన్నాక కూడా ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటే పక్క షాపులో అడగండి.